బండి పుట్టిన ఏడాది ఎక్కడ రాసి ఉంటుంది?

సెకండ్ హ్యాండ్ బైకు బేరంలో మొదట వినిపించే ప్రశ్న "ఏ మోడల్?" అనే. అమ్మేవాడు "రెండువేల పదకొండు" అంటాడు. ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీ చూస్తే 2011 జనవరే. అదే ఆర్‌సీలో కాస్త కిందికి వెళ్తే తయారీ నెల 2010 నవంబరు అని ఉంటుంది. ఛాసిస్ నంబర్‌లో పదో అక్షరం 'ఏ', అంటే 2010. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. రిజిస్టర్ అయిన రోజు, ఫ్యాక్టరీలో తయారైన నెల, కంపెనీ లెక్కలో మోడల్ ఏడాది అనేవి మూడు వేర్వేరు సంగతులు. వీటి వెనక ఇంకో రెండున్నాయి: ఆ బండిలోని ఒక్కో భాగాన్ని పోతపోసిన తేదీ, ఆ భాగానికి రూపకల్పన జరిగిన ఏడాది.

ఐదేళ్ల బండి విషయంలో ఈ తేడా కొన్ని వేల రూపాయల బేరంతో తీరిపోతుంది. యాభై ఏళ్ల బండి దగ్గరికొచ్చేసరికి అసలుకూ నకిలీకీ మధ్య గీత అదే. చట్టం కూడా ఏడాదిని పట్టించుకుంటుంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బళ్లకు 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబర్ ప్లేటు ఇస్తాయి. కాబట్టి బండి మీద ఉన్న ఏ నంబర్ ఏ ఏడాదిని చెబుతుందో తెలుసుకోవడం సరదా కోసం చేసే పని మాత్రమే కాదు.

పదిహేడింటిలో పదోది

ఇప్పటి బళ్లతో మొదలుపెడదాం, ఇవి తేలిక. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మెడ మీద కొట్టి ఉండే ఛాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. దీన్నే వీఐఎన్ అంటారు. దీని నిర్మాణాన్ని ఐఎస్‌ఓ 3779 ప్రమాణం నిర్ణయించింది. ఐ, ఓ, క్యూ అక్షరాలు ఇందులో ఎక్కడా కనిపించవు. ఒకటి, సున్నాలతో పొరబడకుండా వాటిని పక్కన పెట్టేశారు.

మొదటి మూడు అక్షరాలు తయారీదారుని గుర్తు. ఎంబీఎల్ అంటే హీరో, ఎండీ2 అంటే బజాజ్, ఎండీ6 అంటే టీవీఎస్, ఎంఈ3 అంటే రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎంఈ4 అంటే హోండా. తర్వాతి ఆరు స్థానాలు బండి రకం, ఇంజన్, బాడీ వంటి వివరాలకు. చివరి ఎనిమిది ఆ ఒక్క బండికే చెందినవి. ఆ ఎనిమిదింటిలో మొదటిది, అంటే మొత్తంలో పదోది, సాధారణంగా ఏడాదిని చెబుతుంది.

ఏడాది కోడ్ కోసం ఐ, ఓ, క్యూలతో పాటు యూ, జెడ్ అక్షరాలనూ, సున్నానూ కూడా తీసేశారు. మిగిలినవి 21 అక్షరాలు, 9 అంకెలు, వెరసి 30. 1980కి 'ఏ'తో మొదలుపెట్టి 2000కు 'వై' దాకా అక్షరాలు నడిచాయి. 2001 నుంచి 2009 వరకు 1 నుంచి 9 అంకెలు. 2010లో మళ్లీ 'ఏ' వచ్చింది. 2015కు 'ఎఫ్', 2018కి 'జె', 2020కి 'ఎల్', 2023కు 'పీ', 2025కు 'ఎస్'. ముప్ఫై ఏళ్లకోసారి చక్రం తిరుగుతుంది కాబట్టి 'జె' అంటే 1988 కావచ్చు, 2018 కావచ్చు. డిస్క్ బ్రేకు, ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్న బండిని చూసి 1988 అని ఎవరూ అనుకోరు గనుక ఆచరణలో ఇబ్బంది రాదు.

తయారీ నెల, సంవత్సరం బండి మీద చెరగకుండా ముద్రించాలని మన కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 122వ నియమం చెబుతుంది. అందుకే మన బళ్ల ఛాసిస్ నంబర్‌లో నెలకు కూడా ఒక అక్షరం దాగి ఉంటుంది. ఆ అక్షరం ఏ స్థానంలో ఉంటుందన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే ఒకే పట్టీతో అన్ని కంపెనీల బళ్లకూ నెల లెక్క కట్టకూడదు.

అమెరికా, కెనడా దేశాలకు వెళ్లే బళ్లలో తొమ్మిదో స్థానానికి ఇంకో పని ఉంది. మిగతా అక్షరాలకు విలువలిచ్చి, ఒక్కోదాన్నీ నిర్ణీత గుణకంతో హెచ్చవేసి, మొత్తాన్ని 11తో భాగిస్తే వచ్చే శేషాన్ని అక్కడ రాస్తారు. శేషం 10 అయితే 'ఎక్స్'. నంబర్‌లో ఒక్క అంకె తప్పుగా రాసుకున్నా లెక్క కుదరదు, తప్పు వెంటనే పట్టుబడుతుంది.

ఆ పద్ధతి రాకముందు

ఈ 17 అక్షరాల వరస అమెరికాలో 1981 మోడళ్ల నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. పాత బళ్లను పునరుద్ధరించేవాళ్లు తలలు బద్దలుకొట్టుకునేది ఇక్కడే.

ఇంగ్లండ్‌లో మెరిడెన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్రయంఫ్ బళ్లు దీనికి మంచి ఉదాహరణ. ఇంజన్ నంబర్ ఎడమవైపు క్రాంక్‌కేస్ మీద, సిలిండర్ కిందుగా ఉంటుంది. ఫ్యాక్టరీలో అదే నంబర్‌ను ఫ్రేమ్ మీద కూడా కొట్టేవారు. రెండూ కలిస్తే బండి 'మ్యాచింగ్ నంబర్స్' బండి, దాని ధర అమాంతం పెరుగుతుంది. 1963 నుంచి 650 సీసీ జంట సిలిండర్ల బళ్లకు 'డీయూ' అక్షరాలతో వరస నంబర్లు వేశారు. మొదటిది డీయూ 101. 1966 సీజన్ డీయూ 24875తో, 1967 సీజన్ డీయూ 44394తో, 1968 సీజన్ డీయూ 66246తో మొదలయ్యాయి. అంటే డీయూ 50 వేల దరిదాపుల్లో ఉన్న ఇంజన్ 1967 సీజన్‌ది. పట్టిక చేతిలో ఉంటే చాలు.

1969 సీజన్‌లో పద్ధతి మారింది. నంబర్‌కు ముందు రెండు అక్షరాలు చేర్చారు. మొదటిది తయారైన నెల, రెండోది మోడల్ ఏడాది. రెండింటికీ అవే పన్నెండు అక్షరాలు వాడారు: ఏ, బీ, సీ, డీ, ఈ, జీ, హెచ్, జె, కే, ఎన్, పీ, ఎక్స్. జనవరికి 'ఏ', అక్టోబరుకు 'ఎన్', డిసెంబరుకు 'ఎక్స్'. ఏడాదికొచ్చేసరికి 1969కి 'సీ', 1970కి 'డీ', 1971కి 'ఈ', 1972కి 'జీ'.

చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ట్రయంఫ్ సీజన్ జనవరిలో కాదు, ఆగస్టులో మొదలయ్యేది. 'ఎన్‌డీ' అన్న బండిని చూసి 1970 అక్టోబరు అనుకుంటే తప్పు. అది 1969 అక్టోబరులో తయారై, 1970 మోడల్‌గా అమ్ముడైన బండి. 'ఏడీ' అయితే నిజంగానే 1970 జనవరి బండి. రెండూ ఒకే మోడల్ ఏడాదివి, క్యాలెండర్‌లో మాత్రం వేర్వేరు సంవత్సరాలవి. మోడల్ ఏడాది అన్నది కంపెనీ అమ్మకాల లెక్క. దాన్ని గోడ మీది క్యాలెండర్‌తో సరిపోల్చే ముందు ఆ కంపెనీ సీజన్ ఏ నెలలో మొదలవుతుందో తెలియాలి.

నంబర్ తర్వాత వచ్చే మోడల్ అక్షరాలు కూడా ముఖ్యమే. టీ120 బానవిల్‌కు రెండు కార్బురేటర్లు, టీఆర్6కు ఒకటి. బానవిల్‌కు గిరాకీ ఎక్కువ. కాబట్టి టీఆర్6 అక్షరాలను గీకేసి టీ120 అని కొట్టే మోసాలు జరిగాయి. దీన్ని అడ్డుకోవడానికి కంపెనీ నంబర్ కొట్టే చోట లోహం మీద 'ట్రయంఫ్' అన్న పేరు చిన్న చిన్న ఉబ్బెత్తు అక్షరాలతో వరసగా వచ్చేలా పోతపోసింది. ఎవరైనా నంబర్‌ను గీకితే ఆ పేర్లు కూడా పోతాయి. నునుపుగా మెరిసే చోట కొట్టిన నంబర్ కనిపిస్తే అనుమానించాల్సిందే.

అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ లెక్క వేరు. 1969 వరకు ఆ బళ్ల ఫ్రేమ్ మీద వరస నంబరే లేదు. చట్టం దృష్టిలో ఇంజన్ నంబరే బండి నంబర్. అందులో మొదటి రెండంకెలు ఏడాది, తర్వాత మోడల్ అక్షరాలు, ఆపైన వరస నంబర్. 48ఎఫ్ఎల్‌తో మొదలైతే 1948 ఎఫ్ఎల్ మోడల్ అన్నమాట. చదవడం తేలిక, కాబట్టి మార్చడమూ తేలికే. అందుకే నిపుణులు పైనంబర్‌తో ఆగకుండా ఇంజన్ అడుగుభాగం చూస్తారు. క్రాంక్‌కేస్ రెండు సగాలను కలిపి మరపట్టేటప్పుడు రెండింటి పొట్ట మీదా ఒకే నంబర్ కొట్టేవారు, అందులోనూ ఏడాది ఉంటుంది. ఆ రెండు సగాల నంబర్లూ కలవకపోతే, అవి రెండు వేర్వేరు ఇంజన్ల నుంచి వచ్చి ఒకటైనవే.

నంబర్లు కలవని ప్రతిచోటా మోసం ఉందనుకోవడం కూడా పొరపాటే. 1969లో వచ్చిన హోండా సీబీ750ను తీసుకోండి. ఫ్రేమ్ నంబర్లు సీబీ750-1000001 నుంచి, ఇంజన్ నంబర్లు సీబీ750ఈ-1000001 నుంచి మొదలయ్యాయి. ఈ రెండు వరసలూ దేనికది నడిచాయి. ఒకే బండిలో రెండు నంబర్లూ దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒకటే కానక్కర్లేదు. ట్రయంఫ్ కొలమానంతో హోండాను కొలిస్తే నిఖార్సైన బండిని నకిలీ అనేస్తాం.

ఇదే సీబీ750లో నంబర్‌కు లోహమూ తోడు నిలుస్తుంది. అంత పెద్ద బండి ఎంతవరకు అమ్ముడవుతుందో తెలియక, హోండా మొదట్లో ఖరీదైన ప్రెషర్ డై కాస్టింగ్ అచ్చుల మీద డబ్బు పెట్టలేదు. మొదటి 7,414 బళ్ల క్రాంక్‌కేస్‌ల ఉపరితలం గరుకుగా ఉంటుంది. సేకర్తలు వాటిని 'శాండ్‌కాస్ట్' బళ్లని పిలుస్తారు, మిగతావాటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ధర పెడతారు. ఇంజన్ నంబర్ 1007414 లోపు ఉండి క్రాంక్‌కేస్ నున్నగా ఉంటే ఏదో ఒకటి అబద్ధం.

విడిభాగం నంబర్ చెప్పేది వేరు

ఇంజన్ నంబర్ ఒక్క ఇంజన్‌కే చెందుతుంది. విడిభాగం నంబర్ అలా కాదు, ఒకేరకం భాగాలన్నిటికీ అదే నంబర్. అది తయారైన తేదీని చెప్పదు, ఆ భాగం ఏ మోడల్ కోసం పుట్టిందో చెబుతుంది.

హోండా పద్ధతి చూడండి. 12200-300-000 అన్న నంబర్‌లో మొదటి ఐదంకెలు భాగం పేరు. 12200 సిలిండర్ హెడ్, 13101 పిస్టన్. 11తో మొదలయ్యేవి క్రాంక్‌కేస్, 14తో మొదలయ్యేవి క్యామ్, వాల్వులు, 16 కార్బురేటర్, 22 క్లచ్. ఏ హోండా బండిలోనైనా ఇవే. మధ్య మూడంకెలు మోడల్ కోడ్. 300 అంటే సీబీ750, 323 అంటే సీబీ500, 377 అంటే సీబీ400 ఫోర్. చివరి మూడు అంకెలు ఆ భాగంలో తర్వాత చేసిన మార్పుల గుర్తు. హీరో హోండా బళ్ల విడిభాగాలకూ ఇదే మూస వచ్చింది. కొత్త మోడళ్లలో మధ్య కోడ్‌కు అంకెల బదులు అక్షరాలు వాడుతున్నారు.

యమహా దీన్ని తిరగేసింది. మోడల్ కోడ్ ముందు, భాగం కోడ్ తర్వాత. మనవాళ్లు ఇప్పటికీ వెతుక్కుని కొనే ఆర్‌ఎక్స్100, 1985 నుంచి 1996 దాకా తయారైంది. దాని ఇంజన్, ఛాసిస్ నంబర్లలో 1ఎల్1 కోడ్ కోసం చూసేది ఇందుకే. అది ఏ మోడలో చెబుతుంది, ఏ ఏడాదిదో ఆ కోడ్ ఒక్కటే తేల్చదు.

హార్లే విడిభాగం నంబర్ చివర గీత పెట్టి రెండంకెలు వేస్తారు. '-36' అంటే ఆ భాగం 1936లో మొదటిసారి వచ్చిందని అర్థం. అది 1936లో తయారైందని కాదు. అదే భాగాన్ని మార్పు లేకుండా పదేళ్లు, ఇరవై ఏళ్లు వాడి ఉండొచ్చు. 1948 బండిలో '-36' భాగం ఉండటం సహజం. అదే 1948 బండిలో '-55' భాగం కనిపిస్తే మాత్రం, అది ఆ తర్వాతెప్పుడో మార్చినదే.

మొత్తం విషయానికి కీలకం ఇదే. పురావస్తు తవ్వకాల్లో ఒక మట్టిపొరలో రకరకాల నాణేలు దొరికితే, ఆ పొర అన్నిటికన్నా కొత్త నాణెం కన్నా పాతది కాదని తేలుస్తారు. బండికీ అదే న్యాయం. విడిభాగం నంబర్ 'ఇంతకు ముందు కాదు' అని మాత్రమే చెప్పగలదు. 'ఇంతకు తర్వాత కాదు' అని చెప్పే శక్తి దానికి లేదు.

లోహంలో పోసిన తేదీలు

నంబర్లకు తోడుగా బండిలో ఇంకొన్ని సాక్ష్యాలున్నాయి. అల్యూమినియం పోతల మీద, ప్లాస్టిక్ ప్యానెళ్ల లోపలివైపు చిన్న గుండ్రటి ముద్ర కనిపిస్తుంది. చుట్టూ 1 నుంచి 12 అంకెలు, మధ్యలో బాణం గుర్తు, దానికి అటూ ఇటూ ఏడాది. అచ్చులో బిగించిన చిన్న బిళ్లను నెలనెలా తిప్పుతారు, ఆ నెలలో పోసిన ప్రతి భాగం మీదా ఆ తేదీ పడుతుంది. ఇది బండి తేదీ కాదు, ఆ ఒక్క భాగం తేదీ. అది బండి తయారీకి కొన్ని వారాలో నెలలో ముందుండాలి, తర్వాత ఉండకూడదు.

పాత బ్రిటిష్ బళ్లలో లూకాస్ కంపెనీ విద్యుత్ పరికరాల మీద నెల, ఏడాది అంకెల్లో కొట్టి ఉండేవి. టైరు పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 2000 నుంచి ఈ పద్ధతి ఉంది. 1219 అంటే 2019లో పన్నెండో వారం.

ఇప్పుడు వీటన్నిటినీ కలిపి చూద్దాం. ఒక బానవిల్ ఇంజన్ మీద 'ఎన్‌డీ', అంటే 1969 అక్టోబరు. దాని లూకాస్ ఆల్టర్నేటర్ మీద 1969 సెప్టెంబరు అని ఉంటే రెండూ పొసుగుతాయి. ఆల్టర్నేటర్ 1972 మార్చి అయితే దాన్ని తర్వాత మార్చారు, ఇంజన్ నంబర్‌కు వచ్చిన లోటేమీ లేదు. కానీ క్రాంక్‌కేస్ పోత గుర్తులే తర్వాతి కాలానివైతే ఇంజన్ నంబర్ మీదే అనుమానం వస్తుంది. ఎందుకంటే నంబర్ ఉండేది ఆ పోత మీదే. సులువుగా మార్చగల భాగం సాక్ష్యం బలహీనం, మార్చడానికి కష్టమైన భాగం సాక్ష్యం బలమైనది.

గీకినా పోని అంకె

దొంగ బండి మీద నంబర్‌ను గ్రైండర్‌తో అరగదీస్తే అది పోయినట్టేనా? కాదని లోహశాస్త్రం చెబుతోంది.

ఉక్కు పంచ్‌ను సుత్తితో కొట్టినప్పుడు కంటికి కనిపించే గుంత మాత్రమే పడదు. గుంత కింద కూడా లోహపు స్ఫటికాలు నలుగుతాయి. పరమాణువుల వరసలు జరిగి, లోపాలు పేరుకుని, అక్కడి లోహం గట్టిపడుతుంది. ఈ నలిగిన ప్రాంతం గుంత అడుగు కన్నా లోతుకు వెళుతుంది. పైన అంకె కనబడనంతవరకు గీకినా, కింద అదే ఆకారంలో నలుగుడు మిగిలి ఉంటుంది.

ఫోరెన్సిక్ నిపుణులు ఆ చోటును అద్దంలా పాలిష్ చేసి రసాయనం పూస్తారు. ఉక్కు ఫ్రేమ్‌కైతే ఫ్రై రియేజెంట్, అంటే క్యూప్రిక్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం. నలిగిన లోహం మీద, నలగని లోహం మీద రసాయన చర్య ఒకేలా జరగదు. ఆ తేడాలోంచి పాత అంకె మెల్లగా తేలుతుంది. అల్యూమినియం క్రాంక్‌కేస్‌కు రసాయనాలు వేరు. ఉక్కు మీదైతే అయస్కాంత కణాల పద్ధతి కూడా పనిచేస్తుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ సైన్స్ లేబొరేటరీ వంటి చోట్ల భౌతికశాస్త్ర విభాగాలు చేసే పనుల్లో ఇదొకటి. అమెరికాలోని నిస్ట్ సంస్థ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేశారు. స్టెయిన్‌లెస్ స్టీలు మీద కొట్టిన గుర్తులను పూర్తిగా పాలిష్ చేసి తుడిచేశాక, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో స్ఫటికాల నలుగుడును పటంగా గీసి, వాటిని మళ్లీ చూపించగలిగారు.

దీనికీ హద్దులున్నాయి. నలిగిన పొర మొత్తం పోయేంత లోతుగా గీకితే ఏమీ మిగలదు. ఆ చోట వెల్డింగ్ చేసినా వేడికి స్ఫటికాలు కొత్తగా ఏర్పడి పాత జ్ఞాపకం చెరిగిపోతుంది. అయితే వెల్డింగ్ జాడ తనంతట తానే ఒక సాక్ష్యం.

కొనేముందు చూసుకునే వరస

ముందు ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజన్ నంబర్లను బండి మీదివాటితో అక్షరం అక్షరం పోల్చండి. ఫ్రేమ్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. అంకెల ఎత్తు, లోతు, వరస తప్పితే కంటికన్నా కాగితం మీద బాగా తెలుస్తుంది. కొత్త బళ్లలో నంబర్ చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. వాటి మధ్య ఒక్క అంకె పంచ్‌తో కొట్టినట్టు గీతగా ఉంటే అక్కడే ఆగిపోండి.

తర్వాత పదో అక్షరాన్ని ఆర్‌సీలోని తయారీ నెలతో సరిచూడండి. ఒక ఏడాది అటూ ఇటూ అయితే కంగారు పడక్కర్లేదు, అది మోడల్ ఏడాది తేడా కావచ్చు. మూడు నాలుగేళ్ల తేడా వస్తే కారణం అడగండి. ఇంజన్ మార్చిన బండైతే ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. నమోదు లేని ఇంజన్‌తో బండి ఎంత బాగా నడిచినా బీమా దగ్గర, బదిలీ దగ్గర చిక్కు తప్పదు.

పాత విదేశీ బండైతే ఫ్యాక్టరీ రికార్డులే తుది మాట. ట్రయంఫ్ మెరిడెన్ ఫ్యాక్టరీ పుస్తకాలు ఇంగ్లండ్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ దగ్గర ఉన్నాయి. నంబర్ పంపితే బండి ఫ్యాక్టరీ దాటిన తేదీని చూసి ధ్రువీకరణ పత్రం ఇస్తారు.

చివరిగా ఒక మాట. నంబర్ పాడైందనో, తుప్పు పట్టిందనో ఎవరి చేతో మళ్లీ పంచ్ కొట్టించకండి. ఆర్టీవో అనుమతి లేకుండా నంబర్ ముట్టుకోవడం నేరం. ఆ పని చేసిన తర్వాత నిజమైన బండి కూడా చూసేవాళ్లకు దొంగ బండిగానే కనిపిస్తుంది. ఏ ఒక్క నంబర్‌నూ ఒంటరిగా నమ్మకండి. ఇంజన్, ఫ్రేమ్, పోత తేదీ, ఆర్‌సీ నాలుగూ ఒకే కథ చెబితేనే బయానా ఇవ్వండి.